గేటు మన చేతిలో లేదు: జలాశయాల విహారంపై పాఠకుల ప్రశ్నలు

ప్రాజెక్టులు నిండుతున్నాయని పేపర్లో వచ్చిందంటే చాలు, ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఏ ప్రాజెక్టు బాగుంటుంది, ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ తినాలి అనేవే ఎక్కువ. వాటికి జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వెళ్లాక నీళ్ల దగ్గర ఎలా మెలగాలో అడిగినవాళ్ల ఉత్తరాలే ఈసారి తీసుకున్నాం.

ప్ర: ఆగస్టులో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే చూడాలని పిల్లలు పట్టుబడుతున్నారు. పన్నెండు మందిమి వెళ్తాం, అందులో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు ఇద్దరు. గేట్లు ఎత్తుతారని ముందే తెలిసే వీలుందా? ఎక్కడ నిలబడి చూడాలి? (ఒక పాఠకురాలు, సూర్యాపేట)

జ: చాలాసార్లు ఒకటి రెండు రోజుల ముందే పసిగట్టవచ్చు. వానాకాలంలో దినపత్రికలు జలాశయాల నీటిమట్టాల పట్టిక వేస్తాయి. అందులో పూర్తిస్థాయి మట్టం, ఈరోజు మట్టం, ఇన్‌ఫ్లో (వచ్చి చేరే నీళ్లు), అవుట్‌ఫ్లో (బయటికి పోయే నీళ్లు) అనే నాలుగు అంకెలు చూడండి. సాగర్ పూర్తిస్థాయి మట్టం 590 అడుగులు, దాని పైనున్న శ్రీశైలానిది 885. ఇవి సముద్రమట్టం నుంచి కట్టిన లెక్కలు. సాగర్‌లో 590 అడుగుల లోతు నీళ్లున్నాయని కాదు, చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. సాగర్ 587, 588 దాటింది, శ్రీశైలం గేట్లు తెరిచే ఉన్నాయి, ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కుల్లో ఉంది అంటే ఇక్కడి 26 గేట్లలో కొన్నయినా లేచే రోజు దగ్గరపడినట్టే.

మీ దగ్గర చుక్క వాన లేకపోవచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు. కృష్ణ నీళ్లు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ అనే వరసలో దిగుతాయి. వాన ఎక్కడో మహారాష్ట్ర కనుమల్లో పడుతుంది, ఇక్కడ మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో గేట్లు లేస్తాయి. ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకునే లెక్క డ్యామ్ దగ్గర పనికిరాదు.

డ్యామ్ పైకి మామూలు జనాన్ని పంపరు. కిందున్న కొత్త వంతెన మీద నుంచి, రోడ్డు పక్కన ఎత్తయిన చోట్ల నుంచి చూస్తారు. వంతెన మీద కారు ఆపకండి. గేట్లు ఎత్తిన ఆదివారం అక్కడ నీళ్ల కంటే బండ్లతోనే ప్రమాదం. తుంపరలు పడి రోడ్డు తడిసి ఉంటుంది, జనం కళ్లన్నీ పక్కకి ఉంటాయి. పెద్దవాళ్లను వాహనం నిలిపే చోటే దింపి, ఎత్తు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వీలైతే మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్లండి. అటునుంచి లాంచీలో నాగార్జునకొండకు పోవాలనుకుంటే శుక్రవారం మానుకోండి, ఆ రోజు మ్యూజియం సెలవు. పక్కనే ఉన్న ఎత్తిపోతల జలపాతం కూడా చూస్తారు కదా, పైనుంచి చూసి రండి, కింది మడుగులోకి మాత్రం దిగొద్దు. అక్కడ మొసళ్లున్నాయి.

ప్ర: క్యూసెక్కు అంటే ఎంతో మా అబ్బాయి అడిగితే చెప్పలేకపోయాను. (ఉపాధ్యాయుడు, కోదాడ)

జ: సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. పదివేల క్యూసెక్కులంటే సెకనుకు 2 లక్షల 83 వేల లీటర్లు. మీ వీధికొచ్చే ట్యాంకరు 12 వేల లీటర్లదైతే, అలాంటివి ఇరవై మూడుకు పైగా ఒక్క సెకనులో కుమ్మరించినట్టు. వార్తల్లో "స్వల్పంగా పదివేల క్యూసెక్కులు వదిలారు" అని రాస్తే ఆ "స్వల్పంగా"ను ఈ లెక్కతో చదవమనండి. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) ఒక రోజులో పారాలంటే సుమారు 11,574 క్యూసెక్కులు కావాలి.

ప్ర: గేట్లన్నీ మూసే ఉన్నాయి, డ్యామ్ కింద నదిలో బండలు తేలి ఉన్నాయి. ఆ బండల మీద కూర్చుని అన్నం తింటే తప్పేముంది? సెక్యూరిటీ వాళ్లు లేపేశారు. (మిర్యాలగూడ)

జ: వాళ్లు లేపడం మంచిదైంది. గేట్లు ఒక్కటే దారి కాదు. కరెంటు తయారీకి వదిలే నీళ్లు గేట్ల నుంచి రావు, పవర్‌హౌస్ కింది నుంచి వస్తాయి. టర్బైన్ ఎప్పుడు తిప్పాలనేది గ్రిడ్‌లో కరెంటు అవసరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ మాట మీదాకా రాదు. సాయంత్రం వాడకం పెరిగే వేళ అంతదాకా నిశ్శబ్దంగా ఉన్న నది ఒక్కసారి లేస్తుంది.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో, లార్జీ ప్రాజెక్టు కింద బియాస్ నది కూడా ఇలాగే ఒక్కసారి లేచింది. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు బండల మీద ఫొటోలు తీసుకుంటుండగా పైనుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. వాళ్లు దిగేటప్పుడు ఆ నది కూడా మీరు చూసినట్టే పలచగా, బండలు తేలి ఉంది.

ఏ నదిలోనైనా, డ్యామ్‌కు ఎంత దూరంలోనైనా సరే, ఒడ్డున కూర్చునేటప్పుడు ఒక పని అలవాటు చేసుకోండి. నీటి అంచున గుర్తుపట్టేలా ఒక రాయి పెట్టండి. పది నిమిషాలకోసారి దాన్ని చూడండి. రాయి మునిగినా, తేటగా ఉన్న నీళ్లు బురదగా మారినా, పుల్లలూ ఆకులూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు వినపడినా సామాను వదిలేసి పైకి నడవండి. నది వెంట కిందికి కాదు, అడ్డంగా గట్టు పైకి. సైరన్ మోగితే అది ఎందుకో కనుక్కునే పని పైకెక్కాక పెట్టుకోవచ్చు. నదికి అవతల తేలిన తిన్నె మీదికి నడిచి వెళ్లి ఉంటే మాత్రం మీ వెనక పాయ నిండేది మీకు కనపడదు. అందుకే తిన్నెల మీదికి అసలు వెళ్లొద్దు.

ప్ర: మేం ఐదుగురం స్నేహితులం. అందరికీ ఈత వచ్చు, చిన్నప్పుడు బావిలో నేర్చుకున్నాం. రిజర్వాయర్ కట్ట పక్కన మోకాలి లోతులో కాళ్లు కడుక్కోబోయి కూడా మనుషులు పోతున్నారంటే నమ్మలేకపోతున్నాం. ఏదో దాస్తున్నారనిపిస్తుంది. (వరంగల్)

జ: ఎవరూ ఏమీ దాయడం లేదు. కట్ట వాలులోనే ఉంది అంతా. మట్టికట్టలకు నీళ్ల వైపు రాళ్లు పరిచి ఉంటారు, రివిట్‌మెంట్ అంటాం కదా. ఆ వాలు సాధారణంగా రెండున్నర, మూడు అడుగులకు ఒక అడుగు దిగుతుంది. అంచు నుంచి మూడడుగులు లోపలికెళ్తే మోకాలి కిందికే నీళ్లు. పదిహేను అడుగులు జారితే ఐదారు అడుగుల లోతు. మధ్యలో చదునుగా నిలబడే చోటు ఎక్కడా లేదు. ఇంటి మెట్ల మీద జారితే మెట్టు ఆపుతుంది, ఇక్కడ ఆపేదేమీ లేదు.

రెండోది పాచి. జలాశయంలో మట్టం రోజూ కొంచెం పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ పెరిగే తగ్గే పట్టీలోని రాళ్ల మీద, సరిగ్గా మీరు కాలు పెట్టే చోటే, పాచి మందంగా కడుతుంది. పొడి రాయి మీద నిలబడి చూస్తే అది కనపడదు, నీళ్ల కింద రాయి రంగులోనే ఉంటుంది. ఒక కర్రతో గీరి చూడండి, పచ్చటి మెత్తటి పొర లేస్తుంది. సబ్బు పూసిన టైలు మీద వాలుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. జారినవాడు వెనక్కి ఎక్కాలని చూస్తే చేతికి పట్టు దొరకదు, కాలు తన్నిన ప్రతిసారీ ఇంకో అడుగు కిందికి పోతాడు. ఈత వచ్చినవాడు కూడా ఒడ్డు ఎదురుగా పెట్టుకుని అలసిపోయేది ఇక్కడే.

మీ బావి ఈత సంగతి. బావిలో ఎటు పది బారలు వేసినా గోడో మెట్టో చేతికి తగులుతుంది. అలసట అంటే ఏమిటో బావి నేర్పదు. జలాశయంలో ఎదురుగా కనపడే ఒడ్డు కళ్లకు దగ్గరగా ఉంటుంది, ఈదుతుంటే జరుగుతున్నట్టే ఉండదు. గాలికి అలలొస్తాయి, బావిలో అలలు లేవు. ఎండాకాలం పైనున్న నీళ్లు వెచ్చగా ఉండి, కాళ్లు కిందికి జారితే చల్లటి పొర తగిలి పిక్కలు పట్టేస్తాయి. జాలర్లు వేసిన సన్నటి నైలాన్ వలలు కంటికి ఆనవు, కాలికి చుట్టుకుంటే కత్తి లేకుండా ఊడవు. బీరు తాగి దిగితే ఇవేవీ చదివి ప్రయోజనం లేదు.

ఇంకొకటి తూము. కాలువకు నీళ్లు వదిలే చోట పైకి ఏమీ తెలియదు, నీళ్లు నిద్రపోతున్నట్టుంటాయి. తూము నోరు రెండడుగుల చదరం అనుకోండి. లోపలికీ బయటికీ నీటి ఎత్తులో రెండు మీటర్ల తేడా ఉంటే, ఆ నోటికి అడ్డం పడ్డ మనిషి ఒంటి మీద ఏడు వందల కిలోల బరువు పడుతుంది. ఐదుగురు కలిసి లాగినా రాడు. తూము గది, దాని మీద గేటు తిప్పే చక్రం, పంపులు నింపే చోటు, అలుగు లేదా మత్తడి కనపడితే వాటికి వంద మీటర్ల లోపు నీళ్లు ముట్టుకోవద్దు. మత్తడి దూకే నీటి కింద సుడి తిరుగుతుంది. అందులో పడ్డ బంతిని గమనించండి, ముందుకు పోకుండా మళ్లీ మళ్లీ గోడ దగ్గరికే వస్తుంది. మనిషీ అంతే.

పంపులతో నీళ్లు ఎత్తిపోసి నింపే కొత్త రిజర్వాయర్లలో మరో చిక్కు ఉంది. కట్ట కోసం లోపలి నుంచే మట్టి తవ్విన గుంతలు కట్టకు దగ్గర్లోనే ఉండవచ్చు. మునిగిన ఊళ్ల బావులు, చెట్ల మోళ్లు అడుగునే ఉంటాయి. 2025 జనవరిలో 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన కుర్రాళ్లు ఐదుగురు ఒకే రోజు చనిపోయారు. మీ సంఖ్య కూడా ఐదే.

ఈదాలనుంటే ఊళ్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. రిజర్వాయర్‌కు చూడడానికి వెళ్లండి. కాళ్లు తడుపుకోవాలనుంటే మెట్లు, గొలుసులు కట్టిన స్నానఘట్టం ఉన్న చోట, గొలుసు పట్టుకుని, పై మెట్టు మీదే. సెల్ఫీకి వెనక్కి అడుగులు వేయడం కట్ట మీద ఎక్కడా వద్దు.

ప్ర: మా పాపకు ఆరేళ్లు. గాలి నింపే బాతు ట్యూబు వేసి ఒడ్డున ఆడించొచ్చా? (సిద్దిపేట)

జ: వద్దమ్మా. ట్యూబు మునగదు, కానీ గాలికి తెరచాపలా కదులుతుంది. ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తుంటే మీరు చెప్పు విప్పేలోగా చేతికందని దూరం పోతుంది. పాప అందులోంచి జారితే ట్యూబు ఒకచోట, పాప ఒకచోట. లారీ ట్యూబుకూ ఇదే జవాబు. నీళ్ల అంచున పిల్లలకు ఒక పెద్దమనిషిని పేరు పెట్టి అప్పగించండి, చేయి చాస్తే అందే దూరంలో, ఫోన్ జేబులో పెట్టి. అందరూ చూస్తున్నారనుకున్న పిల్లను నిజానికి ఎవరూ చూడరు.

ప్ర: లక్నవరంలోనో సోమశిలలోనో బోటు ఎక్కాలనుకుంటున్నాం. లైఫ్ జాకెట్ ఇస్తే చాలు కదా? బోటు మంచిదో కాదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? (ఖమ్మం)

జ: జాకెట్ ఇచ్చారంటే సగం పనే అయింది. అది తేలుతుందో లేదో చూడాలి. ఫోమ్‌ను వేళ్లతో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే లేస్తే ప్రాణం ఉన్నట్టు. నొక్కిన గుంత అలాగే ఉండిపోతే ఏళ్ల తరబడి ఎవరో దాన్ని దిండుగా వేసుకుని కూర్చున్నారని అర్థం, తేల్చే శక్తి పోయింది. కుట్లు ఊడి ఫోమ్ కనపడుతున్నా, బకిల్ విరిగి తాడుతో ముడేసినా మరోటి అడగండి. లోపలి లేబుల్ మీద ఎంత బరువు మనిషికో రాసి ఉంటుంది. వయసు కాదు, బరువే లెక్క.

వేసుకున్నాక బకిళ్లన్నీ పెట్టి పట్టీలు బిగించి, రెండు చేతులూ పైకెత్తండి. పక్కవాళ్లను జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులు. నీళ్లలో పడితే అది పైకి పోతుంది, మీరు కిందికి పోతారు. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే కావాలి. చిన్న సైజులు బోటు దగ్గర చాలాసార్లు ఉండవు, పెద్దవాళ్ల జాకెట్ వేసి "సరిపోతుందిలెండి" అంటారు. సరిపోదు. ఏటా రెండు మూడుసార్లు తిరిగేవాళ్లయితే పిల్లల జాకెట్ కొని డిక్కీలో ఉంచుకోవడం మేలు. ఫొటో కోసం వేసుకుని మధ్యలో విప్పే అలవాటు గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక బోటు. రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందిని ఎక్కించవచ్చనే సంఖ్య బయట రాసి ఉండాలి. ఎక్కే ముందు తలలు లెక్కపెట్టండి. చంటిపిల్లలు కూడా మనుషులే, "ఒళ్లో కూర్చుంటారు" అనేది బోటుకు తెలియదు. ఖాళీగా ఉన్నప్పుడు అడుగున నీళ్లు నిలిచి ఉంటే, డ్రైవరు డబ్బాతో తోడుతుంటే దిగిపోండి. తేలికపాటి బోటు ఎక్కువగా తిరగబడేది తుపానులో కాదు, ఎడమ పక్కన ఏదో కనపడిందని అందరూ ఒక్కసారి అటు లేచినప్పుడు. కూర్చున్న మనిషి బరువు కిందుంటుంది, నిలబడితే పైకొస్తుంది. పదిమంది నిలబడితే బోటు తలబరువెక్కి కొద్దిపాటి వంపుకే వాలిపోతుంది. పైడెక్ ఉన్న బోట్లలో ఇది మరీ ఎక్కువ.

కింద మూసిన ఏసీ గది ఉంటే పెద్దవాళ్లు చల్లగా ఉంటుందని అందులో కూర్చుంటారు. కూర్చోండి కానీ తలుపు, తెరుచుకునే కిటికీ ఎక్కడున్నాయో ముందే చూసుకోండి. బోటు బోల్తా పడితే జాకెట్ మిమ్మల్ని గది పైభాగానికి ఎత్తి అక్కడే అదిమి పెడుతుంది.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది, నది వరద మీదున్న రోజు. ఆ పాఠం జలాశయాలకూ వర్తిస్తుంది. ఇన్‌ఫ్లో ఎక్కువున్న రోజుల్లో బ్యాక్‌వాటర్ కూడా నదిలాగే లాగుతుంది. గాలి విషయానికొస్తే పొద్దున పదిలోపు నీళ్లు అద్దంలా ఉంటాయి, మధ్యాహ్నం దాటితే శ్రీశైలం బ్యాక్‌వాటర్ లాంటి వెడల్పాటి చోట అలలు లేస్తాయి. చివరి ట్రిప్పు కంటే మొదటి ట్రిప్పు మంచిది. సోమశిల వైపు జాలర్ల పుట్టి ఎక్కి ఫొటో దిగాలని ఉంటుంది. దానికి అడుగు గుండ్రం, ఎటు బరువు పడితే అటు తిరుగుతుంది. జాకెట్ వేసుకుని, అడుగున చతికిలబడి కూర్చుని, ఒడ్డుకు దగ్గర్లోనే.

ప్ర: కిన్నెరసానిలో మొసళ్లు నిజంగా ఉన్నాయా, జనాన్ని భయపెట్టడానికి బోర్డు పెట్టారా? (పాల్వంచ)

జ: ఉన్నాయి. మంజీరలోనూ ఉన్నాయి. మగర్ జాతివి. ఎండాకాలం గుడ్లు పెట్టే రోజుల్లో తల్లి మొసలి ఒడ్డు వదలదు. నీటి అంచు నుంచి ఐదారు మీటర్లు ఎడంగా ఉండండి, చేపలూ కోడిమాంసమూ అక్కడ కడగొద్దు, చీకటిపడే వేళ అంచుకు పోవద్దు. కుక్కను తీసుకెళ్తే గొలుసు వదలొద్దు.

ప్ర: ఎవరైనా కాలు జారి పడితే ఒడ్డున ఉన్నవాళ్లం ఏం చేయాలి? ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగితే లాగొచ్చా? (కరీంనగర్)

జ: ఆ చేతుల గొలుసే ఒకరి చావును నలుగురి చావు చేస్తుంది. పాచి పట్టిన వాలు మీద చివరివాడికి ఎంత పట్టుందో మొదటివాడికీ అంతే. ఒక్కరు జారితే గొలుసంతా పోతుంది. మునుగుతున్నవాడు దొరికినదాన్ని ఎక్కి పైకి రావాలని చూస్తాడు, కావాలని కాదు, ఒళ్లు అలా చేయిస్తుంది. చేతికందిన స్నేహితుడి తల మీదికే ఎక్కుతాడు.

మునిగే మనిషి అరుస్తాడని కూడా అనుకోవద్దు. నోరు నీటిమట్టం దగ్గర తేలుతూ మునుగుతూ ఉంటుంది, ఊపిరికే చాలదు, కేకకు ఎక్కడిది? తల వెనక్కి వాలి, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు నీటిని కిందికి అదుముతాయి. దూరం నుంచి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఒక నిమిషంలోపే అయిపోతుంది. అనుమానమొస్తే పేరు పెట్టి పిలవండి. బదులు రాకపోతే కదలాలి.

ఒకరు 112కు ఫోన్ చేయాలి. మిగతావాళ్లు నీళ్లలో దిగకుండా ఏదైనా అందించాలి లేదా విసరాలి. పొడవాటి వెదురు కర్ర, కొమ్మ, చీర. చీర ఐదున్నర మీటర్లుంటుంది, మెలితిప్పితే గట్టి తాడు. అందించేవాళ్లు బోర్లా పడుకుని, వెనకనుంచి ఇద్దరు కాళ్లు పట్టుకుని ఉండాలి. నిలబడి అందిస్తే లాగుడుకు మీరే పడతారు.

బయల్దేరే ముందు రెండు వస్తువులు కారులో వేసుకోండి. ఒకటి 20 మీటర్ల తాడు. కొనేటప్పుడు ముక్క ఒకటి బకెట్‌లో వేసి చూడండి, తేలాలి. నైలాన్ తాడు మునుగుతుంది, వెతుక్కునేవాడి చేతికి దొరకదు. రెండోది మూత గట్టిగా ఉన్న ఐదు లీటర్ల క్యాన్. అందులో పావు లీటరు నీళ్లు పోసి మూతపెట్టి, పిడికి తాడు కట్టండి. ఆ కొద్ది నీళ్లే గాలికి కొట్టుకుపోకుండా క్యాన్‌ను దూరం తీసుకెళ్తాయి. నీళ్లలో మనిషి తల పైన తేలడానికి నాలుగైదు కిలోల ఊతం చాలు, ఈ క్యాన్ అంత ఇస్తుంది. మనిషి మీదికి కాదు, అతని భుజం దాటి అవతలికి విసిరి, తాడు అతని చేతి మీదుగా వచ్చేలా మెల్లగా లాగండి. క్యాన్‌ను ఛాతీకి హత్తుకుని వెల్లకిలా పడుకోమని గట్టిగా అరవండి. ఇంటి దగ్గర ఖాళీ జాగాలో రెండుసార్లు విసిరి చూసుకోకపోతే ఆ కంగారులో తాడు చిక్కుపడుతుంది.

ప్ర: బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించాలంటారు. ఉప్పులో పూడ్చిపెడితే బతుకుతారని వాట్సాప్‌లో వస్తోంది. నిజమేనా? (కర్నూలు)

జ: రెండూ కాదు. కడుపులో ఉన్న నీళ్లతో ప్రాణం పోదు, ఊపిరి అందక పోతుంది. కడుపు నొక్కితే తిన్న అన్నం పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పినా అంతే. ఉప్పు మాటకు ఆధారమే లేదు. ఆ మెసేజ్ నమ్మి ఉప్పు బస్తాలు తెచ్చేలోగా, శ్వాస ఇస్తే బతికే నిమిషాలు కాస్తా గడిచిపోతాయి. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

చేయాల్సింది: గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. భుజం తట్టి పిలవండి. పది సెకన్ల లోపు ఊపిరి ఉందో లేదో చూడండి. ఎగశ్వాసలా అప్పుడప్పుడూ నోరు తెరవడం ఊపిరి కాదు. ఊపిరి లేకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటిలోకి ఐదుసార్లు ఊదండి. ఛాతీ లేవాలి. మునిగినవాళ్లకు ముందు ఊపిరే, గుండెపోటు వచ్చినవాళ్లకు చేసే పద్ధతికీ దీనికీ తేడా ఇదే. తర్వాత ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కండి. మళ్లీ రెండుసార్లు ఊదండి. 30, 2, 30, 2. చిన్నపిల్లలకు ఒక చేత్తో, ఛాతీ మందంలో మూడోవంతు దిగేలా. రెండు నిమిషాలకోసారి నొక్కేవాళ్లు మారాలి, లేకపోతే తెలియకుండానే ఒత్తిడి తగ్గిపోతుంది.

నోటి నుంచి తెల్లటి నురుగు వస్తూనే ఉంటుంది. దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు, ఊదడం ఆపొద్దు. వాంతి అయితే పక్కకు తిప్పి తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. 108 వచ్చేదాకా ఆపొద్దు. మనిషి లేచి కూర్చుని "బానే ఉన్నా" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవ్వవచ్చు.

ప్ర: ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక చెరువు శిఖంలో (తేలిన చెరువు నేలలో) టెంటు వేసుకుందామని ఉంది. నీళ్లే తక్కువ కదా, భయమేముంది? (నిజామాబాద్)

జ: నీళ్లు తక్కువైనప్పుడే అడుగున ఉన్నవి దగ్గరికొస్తాయి. పూడిక తీసిన గుంతలు నిట్టనిలువుగా ఉంటాయి. నడుం లోతులో నడుస్తూ ఒక్క అడుగులో తల మునుగుతుంది. పాత వ్యవసాయ బావులు కూడా శిఖంలోనే ఉంటాయి, పైన పలచటి నీళ్లు, కింద బావి. ఎండి పగుళ్లు పట్టిన నల్లరేగడి మీద పెంకు గట్టిగా ఉంటుంది, దాని కింద జారుడు బురద. ఆరడుగుల కర్రతో ముందు గుచ్చి చూసి, పశువులు రోజూ దిగే దారినే నడవండి. కాలు దిగబడితే ఒక్కో కాలూ బలంగా పీకొద్దు, రెండోది ఇంకా దిగుతుంది. వెనక్కి కూర్చుని, వెల్లకిలా వాలి, బరువు పరిచి, కాళ్లు మెల్లగా ఆడిస్తూ లాక్కోండి.

టెంటు మాత్రం శిఖంలో వద్దు. పైనుంచో పంపుల నుంచో రాత్రి నీళ్లు వచ్చి చేరితే చప్పుడు కూడా ఉండదు. కట్టకు అవతల, ఊరివాళ్లను అడిగి, ఎత్తు మీద వేసుకోండి. గాలం వేసే ఆలోచన ఉంటే అక్కడి మత్స్య సహకార సంఘాన్ని అడగండి, చాలా చెరువుల్లో చేపల మీద హక్కు వాళ్లదే.

ప్ర: కట్ట మీద వంట చేసుకుంటే? (జగిత్యాల)

జ: ముందు తల పైకెత్తి చూడండి. పెద్ద చెట్ల కొమ్మలకు, వంతెనల కింద, తూము గదుల చూరుకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. పొగ తగిలితే మొత్తం పట్టు లేస్తుంది. లేస్తే ముఖం కప్పుకుని కారులోకో గదిలోకో పరుగెత్తాలి, నీళ్లలోకి కాదు. ఇక మబ్బు పట్టి ఉరిమితే కట్ట మీద నిలబడకండి, చుట్టుపక్కల ఎత్తయింది మీరే అవుతారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై లెక్కపెట్టే లోపు వినపడితే కారెక్కి అద్దాలు మూసుకోండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పిడుగు హెచ్చరికలకు దామిని యాప్ ఫోన్‌లో ఉంటే మంచిది.

ప్ర: కట్ట మీద కారు నడపొచ్చా? పొరపాటున నీళ్లలోకి పోతే? (మెదక్)

జ: అనుమతి ఉన్న కట్ట మీదే, పగలే. చాలా కట్టలకు అంచున పిట్టగోడ ఉండదు, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకరు వెనక్కి పోవాల్సిందే, రాత్రిపూట ఏ అంచు నీళ్ల వైపో ఏది పొలం వైపో తెలియదు. వాలు మీద ఆపితే హ్యాండ్‌బ్రేక్‌తో పాటు గేరులో ఉంచి, చక్రం వెనక రాయి పెట్టండి. మత్తడి దూకి రోడ్డు మీద పారుతుంటే దాటొద్దు. జోరుగా పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారు తేలిపోతుంది.

నీళ్లలో పడితే కారు వెంటనే మునగదు, మొదటి నిమిషం మీదే. ఆ నిమిషంలో ఫోన్ చేయొద్దు. బెల్టు తీయండి, పక్క అద్దం దించండి, పిల్లల్ని ముందు తోసి మీరు వెళ్లండి. తలుపు తెరవాలని చూడొద్దు, బయటి నీళ్లు దాన్ని అదిమి పెడతాయి. తెరుచుకుంటే నీళ్లు లోపలికి ఉరుకుతాయి. అద్దం దిగకపోతే పగలగొట్టాల్సింది పక్క అద్దాన్ని, అదీ మధ్యలో కాదు, మూల దగ్గర. ముందు అద్దం పొరలున్నది, సుత్తితో కొట్టినా చీలుతుందే గాని విడిపోదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి కొనుక్కుంటే డిక్కీలో పెట్టొద్దు, డ్రైవరు సీటు పక్కన చేయి చాస్తే అందే చోట కట్టి ఉంచండి.